బెంగళూరులో ఇంటి చదువు: తెలుగు తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనంతపురం వైపు పల్లె. ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చి 16 ఏళ్లయింది. నగరానికి దక్షిణాన ఒక అద్దె ఇంట్లో ఉంటున్నాం. పెద్దమ్మాయికి 12 ఏళ్లు, చిన్నోడికి 8. పెద్దదాన్ని రెండో తరగతి అయ్యాక బడి మాన్పించాం. చిన్నోణ్ని అసలు చేర్పించలేదు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి చుట్టాలు, ఆఫీసులో వాళ్లు, పార్కులో కలిసిన తెలుగువాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే బదులు ఇక్కడ రాసిపెడుతున్నాను. కొన్నింటికి జవాబు పొడుగైంది, కొన్నింటికి రెండు ముక్కలు సరిపోయాయి.

హోమ్‌స్కూలింగ్ అంటే ఇంట్లోనే బడి పెట్టడమా?

కాదు. మొదటి ఆరు నెలలు నేనూ అలాగే అనుకుని పొరపాటు చేశాను. తొమ్మిదింటికి తెలుగు, పదింటికి లెక్కలు, పదకొండింటికి సైన్సు అని గోడకు కాగితం అంటించాను. పిల్ల రోజురోజుకీ మాటలు తగ్గించేసింది. బడిలోనైతే పక్కన కూర్చోడానికి ఒక స్నేహితురాలు ఉండేది. ఇక్కడ నేనొక్కదాన్నే, అదీ టీచరమ్మ ముఖం పెట్టుకుని.

ఒకరోజు మా నాన్న ఊరి నుంచి శెనక్కాయల మూట పంపించాడు. నేను కింద కూర్చుని వలుస్తుంటే అదీ వచ్చి కూర్చుంది. ఒంటిగింజ కాయలు ఒక కుప్ప, రెండు గింజలవి ఒక కుప్ప, మూడు గింజలవి ఒక కుప్ప చేసింది. "అమ్మా, రెండు గింజల కుప్పే ఎందుకింత పెద్దగా ఉంది?" అని అడిగింది. నాకు తెలియదు. నాన్నకు ఫోన్ చేశాం. అది విత్తన రకాన్ని బట్టి ఉంటుందని, కొన్ని రకాలకు మూడు నాలుగు గింజలు కూడా వస్తాయని ఆయన అరగంట సేపు చెప్పాడు. ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండానే అది వంద కాయలు లెక్కపెట్టి, ఏ రకం ఎన్నో నోటుబుక్కులో గీతలు గీసుకుంది. గోడ మీది కాగితం నేను ఆ రాత్రే తీసేశాను.

అప్పటి నుంచి మా ఇంట్లో చదువుకు కేంద్రం నిజమైన పని. ఆ పని చెడితే ఇంటిల్లిపాదికీ తెలిసేలా ఉండాలి, అది ఒక్కటే కొలత. తోడు వేయడం మరిచిపోతే మర్నాడు పెరుగు ఉండదు. మొక్కకు నీళ్లు పోయకపోతే ఎండిపోతుంది. వర్క్‌షీటు తప్పు చేస్తే ఎర్ర ఇంకు పడుతుంది, అంతే.

చట్టం ఒప్పుకుంటుందా?

2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య అందించే బాధ్యతను అది ప్రభుత్వం మీద పెట్టింది. పదో సెక్షనులో, పిల్లల్ని దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అనే మాట ఉంది. కానీ చేర్పించని తల్లిదండ్రులకు శిక్ష ఏమీ పెట్టలేదు. ఇంటి చదువు గురించి అనుకూలంగానో వ్యతిరేకంగానో చట్టం పేరు పెట్టి ఏమీ చెప్పలేదు. ఆ ఖాళీలోనే మన దేశంలో ఇన్ని కుటుంబాలు పిల్లల్ని ఇంట్లో చదివించుకుంటున్నాయి. పూర్తి భరోసా కావాలనుకునే వాళ్లు ఈ మాట తెలుసుకునే దిగాలి.

బడి మాన్పించేటప్పుడు టీసీ, మార్కుల కాగితాలు తప్పకుండా తీసుకోండి. పుట్టిన తేదీ సర్టిఫికెట్టు, ఆధార్ రెండింటిలో పేరు ఒకేలా ఉందో లేదో అప్పుడే చూసుకోండి. పదో తరగతికి దరఖాస్తు పెట్టే రోజున ఇంటి పేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక ఉందని తిరగాల్సిన వాళ్లను చూశాను.

పనులు చేస్తూ పోతే లెక్కలు ఎలా వస్తాయి?

అందరికంటే ఎక్కువ భయం దీని గురించే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

మా ఇంట్లో గ్యాస్ సిలిండరు మార్చిన తేదీ గోడ క్యాలెండరులో రాసేది పిల్లలే. సిలిండరులో ఉండే గ్యాసు 14.2 కిలోలు. ఒకసారి 48 రోజులు వచ్చింది. రోజుకు ఎంత కాలినట్టు? 14,200ను 48తో భాగించి దాదాపు 296 గ్రాములని తేల్చింది పెద్దది. తర్వాతి సిలిండరు 41 రోజులకే అయిపోయింది. ఎందుకని వెనక్కి వెళ్లి చూస్తే మధ్యలో పండగ ఉంది, అవ్వాతాతలు వచ్చి పది రోజులున్నారు. సగటు అంటే ఏమిటి, అది ఎందుకు మారుతుంది అన్నది దానికి పుస్తకంలో ఆ పాఠం రాకముందే అర్థమైంది.

ముగ్గు ఇంకా బాగుంటుంది. సందు చుక్కలు 7, 4 వరకు పెట్టండి. వరసలు 4, 5, 6, 7, 6, 5, 4. మొత్తం 37. అవే సరి చుక్కలైతే 7, 5, 3, 1 చొప్పున పైకీ కిందికీ తగ్గుతాయి, మొత్తం 25. చిన్నోడు చుక్కలు ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టాడు. పెద్దది సగం కూడి, రెట్టింపు చేసి, నడుమ వరస కలిపింది. 1, 3, 5, 7 కూడితే 16 వస్తుంది, 1, 3, 5 కూడితే 9 వస్తుంది, రెండూ వర్గ సంఖ్యలే అని ఒకరోజు అదే పట్టుకుంది. 1 నుంచి వరసగా కూడుతూ పోతే బేసి సంఖ్యల మొత్తం ఎప్పుడూ వర్గమే అవుతుందని నేను తొమ్మిదో తరగతిలో బట్టీ పట్టాను. ముగ్గులో అది కళ్లకు కనిపిస్తుంటుందని నాకు అప్పుడు ఎవరూ చూపించలేదు.

మా అత్తమ్మ దగ్గర పాత ఇత్తడి సోల, తవ్వ ఉన్నాయి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. బియ్యం పోసి చూసుకుంటే సగం, పావు అన్న మాటలకు బరువొస్తుంది. ఆవకాయలో మేము నాలుగు గిన్నెల ముక్కలకు ఒక గిన్నె కారం, ఒక గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు వేస్తాం. ముక్కలు ఆరున్నర గిన్నెలు వచ్చిన ఏడాది ఉప్పెంతో తేల్చమంటే, నిష్పత్తి పాఠం ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది.

అయితే వంటింట్లోంచి బీజగణితం రాదు. భిన్నాలు, నిష్పత్తి, కొలతలు, సగటు వరకు ఇల్లు నేర్పుతుంది. ఆ తర్వాత పుస్తకం పట్టుకుని, రోజూ కూర్చుని, తప్పులు దిద్దుకుంటూ చేయాల్సిందే. మా పెద్దది రోజుకు ముప్పావుగంట ఎన్‌సీఈఆర్‌టీ లెక్కల పుస్తకం చేస్తుంది. ఆ పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. "జీవితమే అన్నీ నేర్పుతుంది" అని లెక్కల పుస్తకం పక్కన పెట్టేసిన ఇళ్లలో పిల్లలు 14 ఏళ్లకు చాలా ఇబ్బంది పడటం దగ్గర నుంచి చూశాను. దయచేసి అలా చేయకండి.

మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటాం. ప్రకృతి చదువు ఎక్కడి నుంచి తేవాలి?

బెంగళూరులో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు ఇష్టమైన పని.

ఒక చెట్టుతో మొదలుపెట్టండి. ఒకే చెట్టు, ఏడాది పాటు. మాది వీధి చివర కానుగ చెట్టు. మాఘ, ఫాల్గుణాల్లో ఆకు రాలుస్తుంది, ఉగాది ముందే లేత ఆకుపచ్చ చిగురుతో మెరుస్తుంది. పిల్లలు వారానికోసారి తేదీ వేసి బొమ్మ గీస్తారు. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఏ ఏడు ఏ రోజున దొరికిందో కూడా రాస్తున్నారు. కొన్నేళ్లు పువ్వు ముందే వచ్చి పండగ నాటికి రాలిపోతుంది. ఇలాంటి రాతల్ని దేశం నలుమూలల నుంచి సేకరించే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది, బడి పిల్లలూ మామూలు జనమూ అందులో చెట్ల వివరాలు రాస్తారు. తన రాత ఎక్కడో పనికొస్తుందని తెలిశాక చిన్నోడి అక్షరాలు కుదురుగా వచ్చాయి.

ఇక్కడి రోడ్ల మీద జనవరి నుంచి మార్చి దాకా గులాబీ రంగులో విరగబూసే టబెబుయా మన దేశపు చెట్టు కాదు, మధ్య, దక్షిణ అమెరికాల వైపుది. నిద్రగన్నేరు, తురాయి కూడా బయటివే. ఏది ఇక్కడిది, ఏది ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్న వెంట వెళ్తే చరిత్ర, భూగోళం రెండూ వస్తాయి. లాల్‌బాగ్‌ను 1760లో హైదర్ అలీ మొదలుపెట్టించాడు. అక్కడ పిల్లలకు ముందు చూపించాల్సింది పూలు కాదు, కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండ. ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు, జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించారు. చేత్తో తాకి, దాని మీది చారల్ని వేలితో వెంబడించనివ్వండి. "మన అవ్వ కన్నా పెద్దదా?" అని చిన్నోడు నాలుగేళ్ల వయసులో అడిగాడు. అంత కాలాన్ని పిల్లలు కొలిచేది అలాగే.

నగరానికి పడమట కేతోహళ్లిలో దొడ్డ ఆలద మర అనే పెద్ద మర్రి ఉంది, మూడెకరాల మేర పరచుకుంది. వయసు సుమారు 400 ఏళ్లంటారు. అసలు మాను చీడపట్టి ఎప్పుడో పోయింది, ఊడలే ఇప్పుడు మానులై నిలబెడుతున్నాయి. అక్కడి నుంచి ఇంటికి వచ్చాక బాల్కనీ కుండీలో శెనక్కాయ విత్తించాను. నెల రోజులకు పసుప్పచ్చ పువ్వులు వచ్చాయి. పువ్వు వాడిపోయాక దాని కింది నుంచి సన్నటి కాడ నేలలోకి దిగింది. దాన్నీ ఊడ అనే అంటాం. మర్రి ఊడ నేలలోకి దిగి మానవుతుంది, శెనక్కాయ ఊడ నేలలోకి దిగి కాయవుతుంది. 110 రోజుల తర్వాత పీకితే వేర్ల మీద చిన్న చిన్న బుడిపెలు కనిపించాయి. వాటిలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తాయి. ఆ ఏడాది కార్తీకంలో చివరి సోమవారం బసవనగుడి కడలెకాయి పరిషెకు, అంటే శెనక్కాయల జాతరకు వెళ్లినప్పుడు, చుట్టుపక్కల నుంచి వచ్చిన రైతులతో మా పిల్లలు మాట్లాడిన తీరే వేరు. తామూ పండించిన వాళ్లలాగా, ఎన్ని రోజుల పంట, నీళ్లు ఎన్నిసార్లు కట్టారు అని అడిగారు. మా కుండీలో దొరికిందల్లా రెండు దోసిళ్లే అనుకోండి, ఆ మాట మాత్రం వాళ్లు చెప్పలేదు.

ఇక నీడ. డాబా మీద ఒక కర్ర నిలువుగా పాతి, రోజూ మధ్యాహ్నం నీడ కొస దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టండి. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఒకసారి సూర్యుడు నడినెత్తికి వచ్చి నిలువు కర్రకు నీడే పడదు. ఆగస్టులో మబ్బులుంటాయి కాబట్టి ఏప్రిల్‌ను నమ్ముకోండి. అది కూడా గడియారంలో సరిగ్గా 12కు కాదు, 12 గంటల 20 నిమిషాలకు అటూ ఇటూ. ఎందుకంటే మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడకు దగ్గరగా పోతుంది. అక్కడ మిట్టమధ్యాహ్నం అయిన తర్వాత సూర్యుడు మన దాకా రావాలి. రేఖాంశాలు అనే పాఠం మేము మళ్లీ చదవలేదు.

చెరువులకు వెళ్తే పొద్దున్నే వెళ్లండి. జక్కూరు, కైకొండరహళ్లి, పుట్టేనహళ్లి మూడూ పిల్లలతో నడవడానికి వీలైనవి. కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు, పైన గద్దలు. బైనాక్యులర్ లేకపోయినా ఫర్వాలేదు. తురహళ్లి అడవికి మాత్రం ఇద్దరు పెద్దలు తోడుండాలి, చీకటి పడేలోపు తిరిగి రావాలి. పాములుంటాయి, బన్నేరుఘట్ట వైపు నుంచి చిరుతలు కూడా వస్తుంటాయి. బండల మీద చెప్పులు కాదు, బూట్లు.

పాతకాలపు విద్యలు మాకే రావు. పిల్లలకు ఎలా నేర్పాలి?

రాకపోవడమే మంచిది అని నా అనుభవం. తల్లి నేర్చుకుంటుంటే, తప్పు చేసి మళ్లీ చేస్తుంటే పిల్లలు చూస్తారు. నాకు ఆవకాయ మాత్రమే వచ్చు. మిగతావన్నీ వాళ్లతో పాటే.

ఒక విషయంలో నా అభిప్రాయం గట్టిది. ప్రతి శనివారం ఒక కొత్త వర్క్‌షాపు, ఈ వారం కుండలు, వచ్చే వారం కలంకారీ, ఆపై వారం వెదురు అంటూ తిప్పకండి. ఒక విద్యతో కనీసం ఏడాది ఉండండి. రెండు గంటల్లో పిల్లలకు దొరికేది ఫొటో.

మేము ఒక ఏడాది నల్ల సిరాతోనే గడిపాం. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు ఎలా వస్తుందో విని మొదలుపెట్టాం. తుప్పు పట్టిన ఇనుప మేకులు, బెల్లం, నీళ్లు మట్టికుండలో రెండు మూడు వారాలు ఉంచాలి. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఎండబెట్టాలి, అక్కడ గేదెపాలు వాడతారు, పాలలోని కొవ్వు రంగును పక్కలకు పాకనివ్వదు. కుండలోని నీళ్లు చూడటానికి మురికి గోధుమ రంగే. వాటిలో ముంచిన పుల్ల గుడ్డ మీద పెడితే కళ్ల ముందే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు, అంటే టానిన్, ఇనుముతో కలిసి నలుపవుతుంది. పచ్చి అరటికాయ కోస్తే ఇనుప కత్తిపీట నల్లబడేదీ అందుకే. ఆ సంగతి పెద్దది తనే కనుక్కుంది, వంటింట్లోంచి కేక వేసి మరీ చెప్పింది. మా మొదటి కుండ బూజు పట్టి కంపు కొట్టింది, పారబోశాం. రెండోదీ సరిగా రాలేదు. మూడోది వచ్చింది.

చన్నపట్న ఇక్కడికి 60 కిలోమీటర్లు. లక్క బొమ్మల ఊరు. అక్కడ ఒక పెద్దాయన చెక్క పేరు ఆలె మర అని చెప్పాడు. ఇంటికి వచ్చి వెతికితే అది మన అంకుడు చెట్టే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేది కూడా అంకుడు కర్రతోనే. రెండు ఊళ్ల మధ్య ఇన్ని వందల మైళ్లు, రెండు భాషలు, చెట్టు మాత్రం ఒకటే. తిరుగుతున్న చెక్కకు లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. భౌతికశాస్త్రంలో వేడి గురించి చదివేటప్పుడు చిన్నోడు ఇప్పటికీ ఆ బొమ్మ తెచ్చి పక్కన పెట్టుకుంటాడు.

ఊరికి వెళ్లేటప్పుడు లేపాక్షి మీదుగా వెళ్తాం. వీరభద్రాలయం కప్పు మీది బొమ్మల్లో చీరల అంచులు చూసి పెద్దది నోటుబుక్కులో దించుకుంటుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇలాంటి చోట్లకు పిల్లల్ని తీసుకెళ్తే ఊరికే చూసి రాకండి. వాళ్ల సమయానికి డబ్బివ్వండి, ఒక బొమ్మయినా కొనండి. పనివాడి గంట విలువ ఎంతో పిల్లలకు తెలియాల్సింది అక్కడే.

ఇంట్లో ఆడే ఆటల్ని మరవకండి. వామనగుంతలకు 14 గుంటలు, గుప్పెడు చింతపిక్కలు చాలు. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. మేకల వైపు ఆడి గెలవడం నేర్చుకున్న పిల్లకు ఓపిక గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఇంటి పని నేర్పడమంటే ఆడపిల్ల చేత చాకిరీ చేయించడం కాదా?

ఈ ప్రశ్న అడిగిన వాళ్లంటే నాకు గౌరవం. అలా జరిగే ప్రమాదం నిజంగా ఉంది. బడి మాన్పించిన ఆడపిల్ల వంటింట్లో చిక్కుకుపోవడం మన ఊళ్లలో కొత్తేమీ కాదు.

మా ఇంట్లో పాలు తోడు వేసేది చిన్నోడు. బెంగళూరు డిసెంబరు చలికి పెరుగు తోడుకోదు. గిన్నెను బియ్యం డబ్బాలో పెట్టాలని, పాలు ఇంకొంచెం వెచ్చగా ఉండగా వేయాలని వాడే కనుక్కున్నాడు. ఫ్యూజు మార్చడం, కుళాయి వాషరు బిగించడం, డ్రిల్లింగు మిషను పట్టడం పెద్దదాని పని. పని నేర్చుకున్నాక అది చదువు కాదు, ఇంట్లో వాటా. అందుకే మూడు నెలలకోసారి పనులు మారుస్తాం, మా ఆయనతో సహా. పిల్ల ఒకే పని ఏళ్ల తరబడి చేస్తుంటే, ఆ పనిలో కొత్తగా నేర్చుకునేది ఏమీ మిగలకపోతే, ఆ ఇంట్లో జరుగుతున్నది ఇంటి చదువు కాదు.

కన్నడ దేశంలో ఉన్నాం. తెలుగు ఎలా నిలబెడుతున్నారు? కన్నడం సంగతేమిటి?

రెండూ కావాలి. ఇక్కడ పెరిగే పిల్లలకు కన్నడం రాకపోతే ఇరుగుపొరుగుతో మనసు విప్పి మాట్లాడలేరు. మన పిల్లలకు ఇది ఇంగ్లీషు కన్నా తేలిక. లిపులు రెండూ ఒకే పాత లిపి నుంచి చీలినవి. తెలుగు చదవడం వచ్చిన పిల్ల బీఎంటీసీ బస్సుల మీది బోర్డులు నెలలో చదివేస్తుంది.

మా పిల్లలకు బాగా నచ్చిన ఆట ఒకటి చెప్తాను. మన ప కన్నడంలో చాలాచోట్ల హ అవుతుంది. పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు, పండు హణ్ణు, పొలం హొల, పొగ హొగె, పేను హేను. పాత కన్నడంలోనూ ప-కారమే ఉండేది, సుమారు వెయ్యేళ్ల కిందట మారడం మొదలైంది. అలా చూస్తే హళ్లి మన పల్లే. ఈ సంగతి తెలిసిన రోజు మారతహళ్లి నుంచి ఇంటి దాకా బస్సులో ప్రతి బోర్డునూ తెలుగులోకి మార్చుకుంటూ వచ్చారు. బేగూరులో నాగేశ్వరాలయం దగ్గర దొరికిన సుమారు 890 నాటి వీరగల్లు శాసనంలో బెంగళూరు పేరు ఉంది. నగరం పేరు ఇంత పాతదని దాని ముందు నిలబడి చెప్తే పిల్లలు వింటారు.

తెలుగు విషయంలో నేను పట్టుకున్నది పని మాటలు. చెరగడం, జల్లించడం, దంచడం, నూరడం, రుబ్బడం, విసరడం. ఇన్ని మాటలకు మిక్సీ ఒక్క మీట పెట్టుకుంది. చేటతో బియ్యం చెరిగితేనే చెరగడం అన్న మాట ఇంట్లో ఉంటుంది. ఊళ్లో తాతకు పెద్దది నెలకో పోస్టుకార్డు రాస్తుంది. ఆయన జవాబులో అక్షరదోషాలు దిద్ది పంపుతాడు. పడుకునే ముందు ఒక శతక పద్యం, అర్థం చెప్పకుండా. అర్థం వాళ్లే అడుగుతారు, ఒక్కోసారి ఆర్నెల్ల తర్వాత.

ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు.

"మనింట్లో బడికి పోని పిల్లోళ్లు యాడన్నా ఉండారా?" అని మా అత్తమ్మ ఏడ్చింది. నేను మొదట వాదించాను. తర్వాత తెలిసింది, ఆమెను ఐదో తరగతిలో బడి మాన్పించారట, తమ్ముణ్ని ఎత్తుకోడానికి. బడి అంటే ఆమెకు తనకు దక్కకుండా పోయినది. చేతిలో ఉన్నదాన్ని మేము వదులుకుంటున్నామంటే ఆమెకు ఎలా మింగుడుపడుతుంది?

వాదన మానేశాను. నెలకోసారి పిల్లల నోటుబుక్కులు ఆమె ముందు పెట్టాను. పెద్దది ఆమె పక్కన కూర్చుని, ఆమెకు వచ్చిన ముగ్గులన్నీ చుక్కలతో సహా ఒక పుస్తకంలోకి ఎక్కించడం మొదలుపెట్టింది. ఇప్పటికి 86 అయ్యాయి. ప్రతి దాని కింద ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ పండక్కి వేసేదో అత్తమ్మ తన చేత్తోనే రాస్తుంది. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. పదో తరగతి పాసైన రోజు చూద్దాం అంటుంది. ఆ మాటలో న్యాయం ఉంది.

స్నేహితులు?

ఉంటారు, కానీ వాళ్లంతట వాళ్లే రారు. సాయంత్రం అపార్టుమెంటు పిల్లలు, వారానికి రెండు రోజులు ఇంటి చదువు కుటుంబాలు కబ్బన్ పార్కులోనో ఎవరింట్లోనో కలవడం, ఈత. పెద్దదానికి 11 ఏళ్లప్పుడు తన ఈడు ఆడపిల్లలు లేక ఒంటరితనం వచ్చింది, అది నిజం. అప్పుడు వారానికి మూడు రోజులు సంగీతం క్లాసుకు పంపాం, దానితో కుదుటపడింది. పిల్ల ఒంటరిగా ఉందని చెప్పినప్పుడు మన సిద్ధాంతం కన్నా ఆ మాటే ముఖ్యం.

ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. కుదురుతుందా?

చిన్న పిల్లలుంటే, ఇంట్లో రోజంతా ఉండే పెద్దవాళ్లు ఒకరైనా లేకుండా కుదరదు. నేను ఉద్యోగం సగం రోజుకు తగ్గించుకున్నాను, జీతమూ సగమైంది. మా ఆయన గురు, శుక్రవారాలు ఇంటి నుంచి పని చేస్తాడు. ఇంకో తెలుగు కుటుంబంతో వారానికో రోజు పిల్లల్ని మార్చుకుంటాం. ఇవేవీ వీలుకాని వాళ్లు బడి మాన్పించకండి. శని, ఆదివారాల్లో పైన రాసినవన్నీ చేయవచ్చు, బడికి వెళ్లే పిల్లలకూ చెట్టు ఒకటే.

ఫోను, టీవీ?

పిట్ట పేరు వెతకడానికి, తాతతో మాట్లాడటానికి ఫోను ఇస్తాం. చేతికి ఇచ్చి వదిలేయం. అంతే.

పరీక్షలు, సర్టిఫికెట్టు, కాలేజీ?

మా దారి ఎన్ఐఓఎస్, అంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ. 1989లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. పదికి 14 ఏళ్లు, పన్నెండుకు 15 ఏళ్లు నిండాలి. ఐదు సబ్జెక్టులు పాసైతే సర్టిఫికెట్టు. పరీక్షలు ఏడాదికి రెండు విడతలు, ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరు. ఒకేసారి అన్నీ రాయనక్కర్లేదు, ఐదేళ్ల వ్యవధి ఉంటుంది. పదో తరగతిలో తెలుగును భాషగా తీసుకోవచ్చు, తెలుగు మాధ్యమం కూడా ఉంది. చిత్రలేఖనం, కర్ణాటక సంగీతం, భారతీయ సంస్కృతి వారసత్వం వంటి సబ్జెక్టులున్నాయి, ఇన్నేళ్లు చేసిన పనికి అక్కడ చోటు దొరుకుతుంది. పదో తరగతి స్థాయి అంతర్జాతీయ పరీక్ష ఐజీసీఎస్ఈని ప్రైవేటు అభ్యర్థిగా కూడా రాయవచ్చు, ఖర్చు చాలా ఎక్కువ.

ఐదు సబ్జెక్టులతో ఎన్ఐఓఎస్ పన్నెండు పాసైన వాళ్లను జేఈఈ మెయిన్‌కు అనుమతిస్తారు. అసలు చిక్కు వేరే ఉంది. కర్ణాటక సీఈటీలో, అంటే ఇక్కడి ఇంజినీరింగు వంటి కోర్సుల ప్రవేశ పరీక్షలో, రాష్ట్ర సీట్లకు, గుర్తింపు ఉన్న విద్యాసంస్థల్లో కనీసం 7 ఏళ్లు ఈ రాష్ట్రంలో చదివి ఉండాలన్నది ప్రధాన నిబంధన. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ స్థానికత లెక్కలు ప్రధానంగా చదివిన చోటును బట్టే ఉంటాయి. ఇంట్లో చదివిన పిల్లలు రెండు వైపులా జారిపోవచ్చు. మీ పిల్ల ఇంజినీరింగో మెడిసినో రాష్ట్ర కోటాలో చదవాలని మీరు గట్టిగా అనుకుంటుంటే, ఆరో తరగతి వచ్చేలోపు దీని గురించి కూర్చుని ఆలోచించండి. మాకు ఇది ఆలస్యంగా తెలిసింది.

కుదరకపోతే మళ్లీ బడిలో చేర్చుకుంటారా?

14 ఏళ్ల లోపు పిల్లల్ని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షను చెప్తోంది. ప్రభుత్వ బడిలో ఇది సాఫీగా జరుగుతుంది. ప్రైవేటు బడులు తమ పరీక్ష పెట్టి చూస్తామంటాయి. మాకు తెలిసిన మూడు కుటుంబాల పిల్లలు తిరిగి బడికి వెళ్లారు. అందులో ఇద్దరు హాయిగా ఉన్నారు, ఒక అబ్బాయికి రాత వేగం అందక మొదటి ఏడాది కష్టమైంది. ఈ కారణంగానే మా వాళ్ల చేత రోజూ ఒక పేజీ చేత్తో రాయిస్తున్నాం. తిరిగి పంపడం ఓటమి కాదు, పిల్ల అడిగితే వెంటనే ఆలోచించాల్సిన మాట.

రేపే మొదలుపెట్టాలంటే ఏం కొనాలి?

ఏమీ వద్దు. గీతలు లేని నోటుబుక్కు ఒకటి, పెన్సిలు. ఇంట్లో ఒక పని పూర్తిగా పిల్లకు అప్పగించండి, మధ్యలో వెళ్లి సరిచేయకండి. వీధిలో ఒక చెట్టును ఎంచుకోండి. పేరు తెలియకపోతే యాప్ తెరిచే ముందు ఆ చెట్టు కింద రోజూ ఉండే మనుషుల్ని అడగండి. మా చెట్టు కానుగ అని పిల్లలకు చెప్పింది ఇస్త్రీ బండి ఆయన, చిత్తూరు వైపు మనిషి. గింజల నుంచి నూనె తీసి దీపం పెట్టేవాళ్లమని, పచ్చి కొమ్మతో పళ్లు తోముకునేవాళ్లమని చెప్పి, రాలిన కాయలు రెండు చిన్నోడి చేతిలో పెట్టాడు.